విశ్వం తొలి క్షణాల్లో పదార్థం, ప్రతిపదార్థం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రాలు కొత్తపట్నం ఒడ్డున టెలిస్కోపు పెడుతుంటాను. చంద్రుడి గుంటలు, శని వలయం చూసినంతసేపూ ఎవరికీ పెద్దగా సందేహాలు రావు. సామాన్లు సర్దుకునే వేళకి ఎవరో ఒకరు బిగ్ బ్యాంగ్ అంటారు. అక్కణ్ణుంచి మాట యాంటీమ్యాటర్ దగ్గరికి వచ్చేస్తుంది, ఈలోపు ఒంగోలు వెళ్లే ఆఖరి ఆటో వెళ్లిపోతుంది. మూడేళ్లుగా అవే ప్రశ్నలు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ముందు మాటలు అర్థం కావాలి

యాంటీమ్యాటర్ అంటే ఏంది సార్? కంటికి కనపడని పదార్థమా?

కాదు. మామూలు పదార్థం లాంటిదే, విద్యుదావేశం మాత్రం తిరగబడి ఉంటుంది. ఎలక్ట్రాన్‌ది రుణావేశం, దాని జత పాజిట్రాన్‌ది అంతే ధనావేశం. బరువులో తేడా లేదు. ప్రోటాన్‌కి జత యాంటీప్రోటాన్. న్యూట్రాన్‌కి ఆవేశమే లేదు కదా, దానికి జత ఎట్టా అని తెలివైన పిల్లలు అడుగుతారు. న్యూట్రాన్ లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి, వాటికి ఆవేశం ఉంది, తిరగబడేది అదే. యాంటీప్రోటాన్‌కి ఒక పాజిట్రాన్ తోడైతే యాంటీహైడ్రోజన్ అవుతుంది. దాని కాంతిని కొలిచి చూశారు, మామూలు హైడ్రోజన్ కాంతితో సరిపోయింది. తెలుగు పుస్తకాల్లో దీన్ని ప్రతిపదార్థం అంటారు. నోటికి యాంటీమ్యాటరే వస్తుంది కాబట్టి నేను రెండూ వాడతాను.

ఎవరన్నా చూశారా, లేక లెక్కల్లోనే ఉందా?

ముందు లెక్కల్లోనే వచ్చింది. 1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రాన్‌కి ఒక సమీకరణం రాస్తే, అడగని రెండో జవాబు కూడా వచ్చి కూర్చుంది. వర్గ సమీకరణంలో మైనస్ జవాబు వస్తే మన పిల్లలు కొట్టేస్తారు. డిరాక్ కొట్టెయ్యలేదు. 1931లో, అలాంటి కణం నిజంగానే ఉండాలన్నాడు.

మరుసటి ఏడే కార్ల్ ఆండర్సన్ కాలిఫోర్నియాలో దాన్ని ఫోటో తీశాడు. ఆ ఫోటో గురించి కొంచెం చెప్పాలి. ఆవిరి నిండిన పెట్టెలో కణం వెళ్తే సన్నటి తుంపర గీత పడుతుంది. పక్కన అయస్కాంతం ఉంటే గీత వంగుతుంది. చిక్కేమిటంటే, కిందికి దిగే ధనావేశ కణమూ పైకెక్కే రుణావేశ కణమూ ఒకే వైపు వంగుతాయి. మరి ఇది ఏది? ఆండర్సన్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక పెట్టాడు. పలకలోంచి దూరిన కణం వేగం తగ్గి ఎక్కువ వంగాలి. ఏ పక్క ఎక్కువ వంగిందో చూస్తే ఎటు వెళ్లిందో తెలిసిపోతుంది. ఆ కణం కింది నుంచి పైకి వెళ్లింది, ఆవేశం ప్లస్, గీత తీరు చూస్తే ప్రోటాన్ కానే కాదు. దానికి 1936లో నోబెల్ వచ్చింది. యాంటీప్రోటాన్ 1955లో బర్క్‌లీలో దొరికింది. 1995లో జెనీవా దగ్గరున్న సెర్న్ అనే కణ పరిశోధన కేంద్రంలో తొమ్మిది యాంటీహైడ్రోజన్ పరమాణువులు తయారుచేశారు.

రెండూ తగిలితే నాశనమైపోతాయంటారు. ఏమీ మిగలదా?

పుస్తకాల్లో వినాశనం అని రాస్తారు. నాకా మాట నచ్చదు. కణాలు పోతాయి గానీ శక్తి ఎక్కడికీ పోదు. నెమ్మదిగా ఉన్న ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిస్తే సాధారణంగా రెండు గామా కిరణాలు, అంటే బాగా శక్తి ఉన్న కాంతి, పుట్టి చెరో వైపూ పోతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఒక ఎలక్ట్రాన్ బరువుకి సరిపడా శక్తి. జమాఖర్చు పైసాతో సహా సరిపోతుంది. ప్రోటాన్, యాంటీప్రోటాన్ కలిస్తే వ్యవహారం కొంచెం గలీజుగా ఉంటుంది. ముందు పయాన్లనే కణాలు బయటపడతాయి, అవి కూడా క్షణంలో విరిగి గామా కిరణాలు, న్యూట్రినోలు (ఆవేశం లేని, దాదాపు బరువే లేని కణాలు), ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లుగా మారతాయి.

ఒక్క గ్రాముతో ఊరు లేచిపోతుందంట, నిజమేనా?

నిజమే. ఒక గ్రాము ప్రతిపదార్థం ఒక గ్రాము పదార్థంతో కలిస్తే వచ్చే శక్తి సుమారు 43 కిలోటన్నుల టీఎన్‌టీకి సమానం. కరెంటు లెక్కలో చెప్తే 5 కోట్ల యూనిట్లు. కృష్ణపట్నం థర్మల్‌లో ఒక 800 మెగావాట్ల యూనిట్ ఆగకుండా రెండున్నర రోజులకు పైగా తిరిగితే వచ్చేంత. ఇంతకీ ఆ ఒక్క గ్రామును తయారుచేసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

డార్క్ మ్యాటర్, యాంటీమ్యాటర్ ఒకటేనా?

కావు. డార్క్ మ్యాటర్ కాంతిని ఇవ్వదు, ఆపదు, గురుత్వాకర్షణ వల్లే దాని సంగతి తెలుస్తోంది. యాంటీమ్యాటర్ వెలుగుతుంది, పదార్థం తగిలితే గామా కిరణాలిస్తుంది. పేర్లు రెండూ సినిమా టైటిళ్లలా ఉండటం తప్ప పోలిక లేదు.

కింద పడకుండా పైకి పోతుందని విన్నాం?

2023లో సెర్న్‌లోని ఆల్ఫా ప్రయోగం వాళ్లు యాంటీహైడ్రోజన్‌ను నిలువు గొట్టంలో పట్టి ఉంచి, మెల్లగా వదిలి చూశారు. కిందికే పడింది.

## తొలి క్షణాల్లో

అసలు మొదట్లో అంత యాంటీమ్యాటర్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

వేడి నుంచి. రెండు ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, చాలినంత శక్తితో ఢీకొంటే ఒక కణం, దాని జత పుడతాయి. ఒక్కటే పుట్టడం కుదరదు, జతే పుట్టాలి. విశ్వం వయసు సెకనులో పదిలక్షల వంతు ఉన్నప్పుడు ఉష్ణోగ్రత లక్షల కోట్ల డిగ్రీలు. అంత వేడిలో ప్రతి ఫోటాన్ దగ్గరా జతలు పుట్టించేంత శక్తి ఉంది. కాబట్టి క్వార్కులు, యాంటీక్వార్కులు, ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు అన్నీ ఇంచుమించు ఫోటాన్లు ఎన్నో అన్ని ఉండేవి. ఎవరో తెచ్చి పోసింది కాదు.

పుట్టగానే కలిసి మాయమవ్వాలి కదా, అంతసేపు ఎందుకు ఆగాయి?

ఆగలేదు. మొదటినుంచీ కలుస్తూనే ఉన్నాయి, మాయమవుతూనే ఉన్నాయి. అంతే జోరుగా కొత్తవి పుడుతున్నాయి. సంక్రాంతి ముందురోజు ఒంగోలు బస్టాండు చూడండి. నిమిషానికో బస్సు జనాన్ని ఎక్కించుకుని పోతుంది, అయినా ప్లాట్‌ఫారం నిండుగానే ఉంటుంది, ఎందుకంటే పోయినంత మందీ వస్తున్నారు. రాత్రి పదకొండు దాటాక వచ్చేవాళ్లు ఆగిపోతారు, పోయే బస్సులు మాత్రం ఆగవు. అరగంటలో బెంచీలు ఖాళీ.

విశ్వం వ్యాకోచిస్తూ చల్లబడింది. ఫోటాన్ల శక్తి తగ్గింది. ఒక దశలో జతను పుట్టించే శక్తి వాటికి లేకుండా పోయింది. రాక ఆగింది, పోక కొనసాగింది. మనం మహా అనైహిలేషన్ (పుస్తకాల్లోని ఆ వినాశనమే) అని చెప్పుకునేది ఈ రాక ఆగిపోవడాన్నే.

ముందు పోయింది ప్రోటాన్లా, ఎలక్ట్రాన్లా?

బరువైనవే ముందు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1,836 రెట్లు బరువు, కాబట్టి దాని జతను పుట్టించడానికి అన్ని రెట్లు శక్తి కావాలి. సుమారు సెకనులో లక్షవ వంతు దగ్గర క్వార్కులు ముద్దకట్టి ప్రోటాన్లు, న్యూట్రాన్లు, వాటి జతలు అయ్యాయి. మరికొన్ని వేలవ వంతుల సెకను గడిచేలోపే యాంటీప్రోటాన్లు, యాంటీన్యూట్రాన్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఇంకా ఆడుకుంటూనే ఉన్నాయి. ఉష్ణోగ్రత 500 కోట్ల డిగ్రీల కిందికి జారాక, అంటే ఒక సెకను దాటాక వాటి వంతు వచ్చింది. అది కొన్ని పదుల సెకన్లలో చాలావరకు ముగిసింది.

అంత శక్తి ఒక్కసారి వస్తే విశ్వం పేలిపోలేదా?

పేలుడు జరగాలంటే లోపల ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉండాలి. ఇది అన్నిచోట్లా ఒకేలా, ఒకేసారి జరిగింది. బయట అనేది లేదు. వేడి పెరిగిందా అంటే అదీ లేదు. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు కలిసి ఇచ్చిన శక్తి వల్ల విశ్వం చల్లబడే వేగం కాస్త తగ్గింది, అంతే. ఎండాకాలం సాయంత్రం సముద్రపు గాలి ఆలస్యమైతే ఎలా ఉంటుందో అలా.

ఆ కాంతంతా ఏమైంది సార్?

మన చుట్టూనే ఉంది. ఈ ప్రశ్న అడిగినప్పుడు నాకు హుషారు వస్తుంది, ఎందుకంటే జనం ‘యాంటీమ్యాటర్ ఎటు పోయింది’ అని వెతుకుతారు గానీ, అది వదిలిన జాడ కాంతిలో కలిసి ఇంకా ఉందని ఎవరూ అనుకోరు.

పుట్టిన గామా కిరణాలు ఎక్కువ దూరం పోలేదు. చుట్టూ ఉన్న కణాలను గుద్దుకుంటూ వేడిలో కలిసిపోయాయి. ఈ ఫోటాన్ ఫలానా జత నుంచి వచ్చిందని ఇప్పుడు చెప్పలేం, పులుసులో కలిసిన ఉప్పులాంటిది. 3,80,000 సంవత్సరాలకి ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో కుదురుకున్నాక ఆ కాంతికి అడ్డు తొలగింది. అప్పటినుంచీ ప్రయాణిస్తూ, సాగుతూ, ఇప్పుడు 2.7 కెల్విన్‌ల మైక్రోవేవ్‌గా మిగిలింది. 1965లో పెంజియాస్, విల్సన్ దీన్ని పట్టుకున్నామని ప్రకటించారు. పాత యాంటెనా టీవీలో ఛానల్ రానప్పుడు కనపడే చుక్కల్లో నూటికి ఒకటి ఇదేనంటారు. మీ గుప్పిట్లో ప్రతి ఘన సెంటీమీటరులో ఇప్పుడు సుమారు 411 ఆ పాత ఫోటాన్లున్నాయి. అదే విశ్వం మొత్తం సగటు తీస్తే, నాలుగు ఘన మీటర్ల చోటుకి ఒక ప్రోటానో న్యూట్రానో దొరుకుతుంది. లెక్కలో మనం ఎంత తక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది.

తొలి సెకనులో జరిగింది మీకెట్టా తెలుసు? ఎవరూ లేరు కదా?

జాడలు కొలిచి చెప్తున్నాం. పాజిట్రాన్లు పోయాక, తొలి నిమిషాల్లో హీలియం కేంద్రకాలు తయారయ్యాయి, మిగిలిన ప్రోటాన్లు హైడ్రోజన్ కేంద్రకాలుగా ఉండిపోయాయి. ఎంతెంత తయారవ్వాలనేది ఫోటాన్లకి, పదార్థానికి ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. బరువులో సుమారు 75 శాతం హైడ్రోజన్, 25 శాతం హీలియం రావాలి. ఆకాశంలో కొలిస్తే అంతే వస్తోంది. మైక్రోవేవ్ కాంతిలోని సన్నటి హెచ్చుతగ్గుల నుంచి అదే నిష్పత్తిని వేరే దారిలో తీయొచ్చు. రెండు దారులూ ఒకే అంకె దగ్గరికి వస్తున్నాయి: 1,000 కోట్ల ఫోటాన్లకి ఆరు బేరియాన్లు, అంటే ప్రోటాన్లో న్యూట్రాన్లో. పరిచయం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్తే కోర్టులో కూడా నమ్ముతారు.

## మిగిలిన ఒక్కటి

సమానంగా పుడితే తీసివేతలో సున్నా రావాలి కదా?

రావాలి. రాలేదు. వంద కోట్ల యాంటీకణాలకి వంద కోట్ల ఒక్క కణం ఉన్నట్టుంది. వంద కోట్లూ జతలుగా పోయాయి, ఆ ఒక్కటి మిగిలింది. (కచ్చితమైన అంకె ఏ దశలో లెక్కపెడతామనే దాన్ని బట్టి కొంచెం మారుతుంది, వందకోట్లకి ఒకటనేది వాడుకమాట.)

వంద కోట్లు అంటే పలక మీద తొమ్మిది సున్నాలు పెట్టడం తేలికే. అది ఎంతో తెలియాలని ఒకసారి మా పిల్లలు సన్నబియ్యం వెయ్యి గింజలు లెక్కపెట్టారు. నూకలు తీసేసి, పదేసి కుప్పలుగా పెట్టి. రెండుసార్లు లెక్క తప్పింది. వీధి చివర బంగారం కొట్లో తూయిస్తే 12 గ్రాములొచ్చింది. ఆ లెక్కన వంద కోట్ల గింజలు 12 టన్నులు. ఇప్పుడొచ్చే 26 కిలోల బస్తాల్లో అయితే 460కి పైనే. ఒక పెద్ద లారీ. ఇప్పుడు పక్కపక్కన రెండు లారీలు పెట్టండి. రెండింట్లోనూ గింజకి గింజ సమానం, ఒకదాంట్లో మాత్రం ఒక్క గింజ ఎక్కువ. రెండు లారీల బియ్యమూ మాయమై, ఆ ఒక్క గింజ రోడ్డు మీద మిగిలింది. నక్షత్రాలు, చీమకుర్తి కొండలు, మీరు, నేను అంతా ఆ గింజలోంచే.

కొలిచే కాటా ఏదీ పసిగట్టలేని తేడా ఇది. తేడా అసలు లేకపోతే విశ్వంలో కాంతి, న్యూట్రినోలు, చెల్లాచెదురుగా కాసిన్ని కణాలు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఆ ఒక్కటి ఎందుకు ఎక్కువైంది?

ఇంకా తెలియదు. ఎలా కుదరొచ్చో మాత్రం 1967లో ఆంద్రే సఖరోవ్ చెప్పాడు. సోవియట్ హైడ్రోజన్ బాంబు తయారుచేసినవాళ్లలో ఒకడు, తర్వాత 1975లో శాంతి నోబెల్ అందుకున్నవాడు. ఆయన మూడు షరతులు పెట్టాడు.

మొదటిది, బేరియాన్ల లెక్క మారడానికి వీలుండాలి. ఖాతాలో జమ, ఖర్చు రెండూ నిషేధమైతే నిల్వ సున్నా నుంచి కదలదు. రెండోది, ప్రకృతి రెండు పక్కలనూ ఒకేలా చూడకూడదు. ఆవేశాన్ని తిప్పి, అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు కూడా మార్చితే చర్యలు అదే జోరుతో జరగకూడదు. దీన్ని సీపీ ఉల్లంఘన అంటారు. మూడోది తేలిగ్గా మర్చిపోయేది: ఇది సమతాస్థితిలో జరగకూడదు. నిలకడగా ఉన్న వేడిలో ముందుకెంత జరిగితే వెనక్కీ అంతే జరుగుతుంది, వచ్చిన లాభం వచ్చినట్టే పోతుంది. వెనక్కి తిరిగే దారి మూసుకుపోయేంత హడావుడి ఉండాలి.

ఆ పక్షపాతాన్ని ప్రయోగంలో పట్టుకున్నారా?

పట్టుకున్నారు. 1964లో క్రోనిన్, ఫిచ్ న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో చూశారు. దీర్ఘకాలం బతికే తటస్థ కేయాన్ అనే కణం రెండు పయాన్లుగా విరగకూడదు, నియమం ఒప్పుకోదు. 500కి ఒకటి చొప్పున విరిగింది. 1980లో నోబెల్. 2001లో జపాన్, అమెరికా ప్రయోగాలు బీ మీసాన్లలోనూ చూశాయి. అవన్నీ మీసాన్లు, అంటే ఒక క్వార్కు, ఒక యాంటీక్వార్కు జతకట్టిన కణాలు. మనల్ని కట్టిన ప్రోటాన్ జాతి, అంటే బేరియాన్లలో అది 2025లో గానీ కనపడలేదు. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ వాళ్లు లాంబ్డా-బి అనే కణానికి, దాని జతకి విరిగే తీరులో సుమారు 2.5 శాతం తేడా చూపించారు.

మరి దొరికింది కదా, ఇంకా తెలియదంటారేంది?

దొరికింది చాలదు. కణాల గురించి ఇప్పుడున్న ప్రామాణిక సిద్ధాంతంలోని పక్షపాతాన్నంతా కూడితే రావాల్సిన మిగులు కంటే కోట్ల రెట్లు తక్కువ వస్తుంది. సముద్రం నింపమంటే చెంబు తెచ్చినట్టు. సఖరోవ్ మూడో షరతు దగ్గర కూడా దెబ్బ తగిలింది. 2012లో దొరికిన హిగ్స్ కణం బరువు చూస్తే, తొలి విశ్వంలో కణాలకి బరువు తెచ్చిన మార్పు నీళ్లు మరిగి బుడగలొచ్చినట్టు జరగలేదు, చలికాలం నెయ్యి మెల్లగా పేరుకున్నట్టు జరిగింది. అంత నెమ్మదిలో హడావుడి ఎక్కడిది? అందుకే కొత్త కణాలేవో ఉండాలని ఎక్కువమంది అనుకుంటున్నారు.

న్యూట్రినోలకి దీంతో ఏం పని?

ఒక బలమైన ఊహ ఉంది. 1986లో ఫుకుగితా, యానగిదా అనే జపాన్ శాస్త్రవేత్తలు చెప్పింది. మామూలు న్యూట్రినోలకి చాలా బరువైన దాయాదులు తొలి విశ్వంలో ఉండి, అవి విరిగేటప్పుడు ఒక పక్కకి కాస్త మొగ్గితే, ఆ తేడా తర్వాత ప్రోటాన్ల లెక్కలోకి దిగుతుంది. ఆ బరువైన వాటిని ఏ యంత్రంలోనూ పుట్టించలేం. తేలికైన న్యూట్రినోలు, యాంటీన్యూట్రినోలు ఒకేలా ప్రవర్తిస్తాయా లేదా అనేది మాత్రం జపాన్, అమెరికా ప్రయోగాలు కొలుస్తున్నాయి. నన్నడిగితే పందెం దీనిమీదే కాస్తాను, డబ్బులు మాత్రం పెట్టను.

బేరియాన్ల లెక్క మారొచ్చంటే మన ప్రోటాన్లూ చచ్చిపోతాయా?

పోవచ్చు, చాలా నెమ్మదిగా. దీన్ని మన పక్క రాష్ట్రంలోనే వెతికారు. కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున 1980ల్లో డిటెక్టర్లు పెట్టి ఎదురుచూశారు. కొన్ని అనుమానపు గుర్తులు కనపడ్డాయన్నారు గానీ నిలబడలేదు. జపాన్‌లోని సూపర్ కమియోకాండే అనే భూగర్భ డిటెక్టర్ లెక్క ప్రకారం ప్రోటాన్ ఆయుష్షు, వాళ్లు ప్రధానంగా వెతికిన దారిలో, 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకి పైనే. టెన్షన్ అక్కర్లేదు.

యాంటీమ్యాటర్ గెలాక్సీలు దూరంగా ఎక్కడో ఉండొచ్చుగా?

దూరం నుంచి చూసి చెప్పలేం, కాంతి ఒకేలా ఉంటుంది. సరిహద్దు దాచలేం. గెలాక్సీల మధ్య చోటు పూర్తి ఖాళీ కాదు, పల్చటి వాయువు ఉంటుంది. మన వాయువు, వాళ్ల వాయువు ఆనుకున్న చోటల్లా గామా కిరణాలు రావాలి. అలాంటి గట్టు ఆకాశంలో ఎక్కడా కనపడలేదు. అలాంటి ప్రాంతాలుంటే ఒక్కోటి మనకి కనిపించే విశ్వమంత పెద్దదై ఉండాలని 1998లోనే లెక్కకట్టారు.

ఇదంతా మన పురాణాల్లో ముందే ఉందంటారు కదా మాస్టారూ?

సృష్టి, లయం పక్కపక్కనే ఉన్నాయన్న ఊహ ఉంది, అందమైన ఊహ. 1,000 కోట్లకి ఆరు అన్న అంకె లేదు. నేను చెప్పే కథ ఆ అంకె గురించి.

## ఇక్కడ, ఇప్పుడు

శ్రీహరికోట రాకెట్లలో యాంటీమ్యాటర్ వాడతారా?

లేదు. పీఎస్ఎల్వీ మొదటి దశలో ఘన ఇంధనం, రెండో దశలో ద్రవ ఇంధనం. ఎల్వీఎం3 పై దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. సెర్న్‌లో ఇంతవరకూ తయారైన యాంటీమ్యాటర్ అంతా ఒకేసారి కాల్చినా ఒక బల్బు కొన్ని నిమిషాలు వెలుగుతుంది, అంతే.

మనింట్లో ఎక్కడన్నా యాంటీమ్యాటర్ ఉంటుందా?

అరటిపండులో. అందులోని పొటాషియంలో కొంచెం రేడియోధార్మికమైనది, పొటాషియం-40. అది అరుదుగా పాజిట్రాన్ ఇస్తుంది. గంటకో రెండు గంటలకో ఒకటి. అది పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి వెంటనే కాంతైపోతుంది. తినడం మానక్కర్లేదు, మన ఒంట్లోనూ పొటాషియం ఉంది.

పెట్ స్కాన్‌లో పెట్ అంటే పాజిట్రానేనా? ప్రమాదం లేదా?

పాజిట్రానే. మా పెద్దమ్మకి చెన్నైలో చేయించాం. ఫ్లోరిన్-18 కలిపిన చక్కెర లాంటి మందు ఇంజెక్షన్ ఇచ్చి, గంటసేపు మాట్లాడకుండా కూర్చోమన్నారు. ఎక్కువ చక్కెర తాగే కణాలు, అంటే గడ్డలాంటివి, ఆ మందును ఎక్కువ లాక్కుంటాయి. అక్కడ ఒక్కో పాజిట్రాన్ బయటికొచ్చి, ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా పోకముందే ఎలక్ట్రాన్‌ను కలుస్తుంది. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు రెండు ఎదురెదురు దిక్కులకు పోతాయి. చుట్టూ ఉన్న వలయంలో ఒకే క్షణంలో రెండు చోట్ల తగిలితే, ఆ రెండు చుక్కల మధ్య గీత మీద ఎక్కడో గడ్డ ఉన్నట్టు. అలాంటి గీతలు లక్షలు కలిపితే బొమ్మ.

ఆ రోజంతా చంటిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకి సగమవుతుంది. ఉదయం తొమ్మిదికి ఇచ్చినది సాయంత్రం ఆరుకి ముప్పయ్యో వంతే మిగిలి ఉంటుందని రైల్లో లెక్క వేసి చూపించాను. ఆవిడ వినలేదు. ఒంగోలులో దిగాక కూడా మనవణ్ణి ఒళ్లోకి తీసుకోలేదు, తెల్లారాకే ఎత్తుకుంది.